ఖాళీ గూడు బెంగ

పిల్లలు చదువుకో, ఉద్యోగానికో, పెళ్లి చేసుకునో ఇల్లు విడిచి వెళ్లాక తల్లిదండ్రులను, మరీ ముఖ్యంగా తల్లులను పట్టుకునే దిగులును ఖాళీ గూడు బెంగ అంటారు. ఇంగ్లిషు పేరు ‘ఎంప్టీ నెస్ట్ సిండ్రోమ్’. పేరులో సిండ్రోమ్ ఉన్నా ఇది జబ్బు కాదు. అమెరికా మానసిక వైద్యుల రుగ్మతల జాబితా డీఎస్‌ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితా ఐసీడీ-11లో గానీ దీన్ని రుగ్మతగా చేర్చలేదు.

పిల్లలు వెళ్లిపోతే ప్రతి తల్లీ కుంగిపోతుందనుకోవడమూ సరికాదు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త లిలియన్ రూబిన్ 1979లో వెలువరించిన ‘విమెన్ ఆఫ్ ఎ సర్టన్ ఏజ్’ పుస్తకం కోసం మాట్లాడించిన స్త్రీలలో ఎక్కువమంది తమకు ఊరటగానే ఉందన్నారు.

తెలుగు ఇళ్లలో ఈ ఎడబాటు తరచు రెండుసార్లు వస్తుంది. మొదటిది పదో తరగతి కాగానే, ఇంటర్‌కి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చినప్పుడు. అప్పటికి బిడ్డకు పదిహేను, పదహారేళ్లు. తల్లికి నలభై కూడా నిండకపోవచ్చు. ఔటింగ్ ఆదివారం హాస్టల్ గేటు దగ్గర చెట్టు కింద టిఫిన్ క్యారియర్ విప్పి, ఇంత పొడుగు కొడుక్కి అన్నం కలిపి ముద్దలు పెడుతూ కూర్చున్న అమ్మలు కనిపిస్తారు. గంట కొట్టగానే వాడు లోపలికి పోతాడు. ‘పిల్లాడు బెంగ పెట్టుకున్నాడా?’ అని చుట్టాలంతా అడుగుతారు. ఆమె బెంగ సంగతి ఎవరూ అడగరు. ఈ మౌనమే అసలు బాధ. రెండోసారి, అంటే పిల్లలు అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లాక, అది ఇంకా చిక్కబడుతుంది. ‘బంగారంలా స్థిరపడ్డారు, నీకేం తక్కువ?’ అన్నాక ఆమె ఇంకేం చెప్పుకోగలదు?

ఈ రెండో ఎడబాటు వయసులోనే ముట్లు ఆగిపోయే దశా ఎదురవుతుంది. ఒంట్లో ఆవిర్లు, నిద్రలేమి, చిరాకు మొదలవుతాయి. వీటిని పిల్లల మీది బెంగగా కొట్టిపారేస్తే వైద్యం ఆలస్యమవుతుంది.

మామూలు దిగులు మెల్లగా సర్దుకుంటుంది. పొద్దున్నే తోడుగా నడిచే మనిషి, ఎప్పుడో వదిలేసిన సంగీతమో కుట్టుపనో, ఫలానా వేళకు తప్పక వచ్చే ఫోను, వంటింట్లోకి వచ్చి పక్కన కూర్చునే భర్త – ఇవి మందులాంటివి. కానీ రెండు వారాలు దాటినా రోజంతా దిగులుగానే ఉన్నా, దేనిమీదా మనసు పోకున్నా, తిండీ నిద్రా తప్పినా డిప్రెషన్ కావచ్చు, వైద్యులకు చూపించాలి. చచ్చిపోవాలనిపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సహాయవాణి నంబరు 14416. ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.