విద్యార్థుల కవాతు తుపాకులు

ఆయుధముల చరిత్ర యనగానే మనకు కత్తులు, డాళ్లు, కోట బురుజులపై ఫిరంగులు స్ఫురించును. ఒక్క తూటానైనను కాల్చజాలని తుపాకికి చరిత్ర యేమున్నదని కొందరు సందేహింపవచ్చును. విద్యార్థులకు కవాతు నేర్పిన తుపాకి అట్టిదే. అయినను దాని కథ, మన దేశములో ఆయుధము పట్టు హక్కు యొక్క కథతో పెనవేసికొని యున్నది.

1878వ సంవత్సరపు ఆయుధ చట్టము వలన అనుమతిపత్రము లేనిదే భారతీయుడు తుపాకి ఉంచుకొనరాదు. ఐరోపావారికి ఆ నిర్బంధము లేకుండెను. మొదటి ప్రపంచ సంగ్రామ కాలమున, 1917లో, ప్రభుత్వము భారత రక్షణ దళమును నెలకొల్పి విశ్వవిద్యాలయ విద్యార్థులకును అందు చోటొసంగెను. కలకత్తాలో ఆ శిక్షణ పొందినవారిలో స్కాటిష్ చర్చి కళాశాల విద్యార్థియైన సుభాస్ చంద్రబోసు ఒకరు. తుపాకులు తెచ్చుకొనుటకై తొలిసారి ఫోర్టు విలియములో అడుగిడిన నాడు, అన్యాయముగా పోగొట్టుకొనిన సొత్తును తిరిగి చేపట్టినట్లు తమకు తోచెనని ఆయన ఆత్మకథలో చెప్పికొనిరి. కాలేజి కుఱ్ఱవాని చేతికి తుపాకి వచ్చుట ఆనాడు సామాన్య విషయము కాదు.

1920లో వచ్చిన ప్రాదేశిక సేనా చట్టముతో విశ్వవిద్యాలయ శిక్షణ దళములు ఏర్పడెను. 1946లో పండిత హృదయనాథ కుంజ్రూ అధ్యక్షతన నియమింపబడిన సంఘము దేశవ్యాప్తమైన విద్యార్థి దళమును సిఫారసు చేసెను. 1948లో చట్టము వెలువడి నేషనల్ కేడెట్ కోర్ అవతరించెను. మరుసటి యేడు బాలికల విభాగము చేరెను. 1962 నాటి చైనా యుద్ధము తరువాత, 1963లో, ఈ శిక్షణ కళాశాల విద్యార్థులకు నిర్బంధమాయెను. 1968లో మరల ఐచ్ఛికమాయెను.

ఈ దళముల చేతికి వచ్చిన తుపాకులలో ప్రసిద్ధమైనది లీ-ఎన్‌ఫీల్డు. లీ యనునది దాని యంత్రమును కల్పించిన జేమ్స్ పారిస్ లీ పేరు; ఎన్‌ఫీల్డు లండనుకు ఉత్తరమున ఆయుధ కర్మాగారమున్న ఊరు. గొట్టపు వ్యాసము అంగుళములో వేయింట 303 వంతులగుటచే జనులు దీనిని త్రీనాట్‌త్రీ యందురు. పది తూటాలు పట్టును. బరువు సుమారు 4 కిలోలు. వంగదేశమున హుగ్లీ నది యొడ్డున గల ఇషాపూరులో ఇవి విరివిగా తయారైనవి. సైన్యములో అరిగిన తుపాకులను కొన్నిటిని, తూటాను కొట్టు సూదిని తొలగించియో గొట్టమునకు రంధ్రము వేసియో కాల్చుటకు పనికిరాకుండ చేసి, డి.పి. యను అక్షరములు చెక్కి కవాతునకు ఒసగెడివారు. గురి నేర్పుటకు చిన్న తూటాలు గల వేరొక తుపాకి యుండెడిది.

ఇషాపూరు తుపాకులపై స్వాతంత్ర్యమునకు పూర్వము కిరీటమును, ఆంగ్ల చక్రవర్తి బిరుదాక్షరములును ముద్రించిరి. తరువాతి వానిపై అశోకుని సింహములు వెలసినవి. కర్మాగారమొకటే, యంత్రమొకటే, ముద్ర మాత్రము మారినది. ఒక రాజ్యము పోయి మరియొకటి వచ్చిన వైనము బొటనవ్రేలి వెడల్పున ఇచ్చట చదువవచ్చును.

కావుననే వీనిని భద్రపరచువారు ముందుగా మానవలసిన పని తళతళలాడించుట. గరుకు కాగితముతో రుద్దినచో త్రుప్పుతో పాటు ముద్రలును పోవును. కఱ్ఱపై వార్నిషు పూయరాదు. అవిసె నూనెను పలుచగా అద్ది గుడ్డతో తుడిచిన చాలును. లోహమునకు పలుచని యంత్రపు నూనె పట్టించవలెను. అరచేతి చెమటలోని ఉప్పు ఇనుమును తినును. కావున తాకిన పిదప తుడువవలెను. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర నగరములలో ఈ జాగ్రత్త మఱింత యవసరము. గోనెలో చుట్టుట, చెమ్మగోడకు చేరవేయుట మంచివి కావు. అన్నిటికంటె ముఖ్యము, సంఖ్యయు వచ్చిన విధమును నమోదైన పుస్తకము. అది లేని తుపాకి పేరు చెరిగిన శాసనము వంటిది.

ఆయుధము ఆయుధమే గనుక, చట్టానుమతి లేక ఎవరును ఇంట నుంచుకొనరాదు. పాతవానిని ప్రభుత్వము కరిగించుటయు తప్పు కాదు. అయితే అన్నిటిని కరిగింపక, ముద్రలు చెడనివి కొన్ని ఏరి, తాళము గల అద్దపు బీరువాలలో నుంచుట ఉచితము. 2020 జనవరి 26న ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పిరి. దానిని భుజమున మోసిన తరములును క్రమముగా తరలిపోవుచున్నవి. ఒకనాడు మన విద్యార్థి దానిని తాకుటకే అనుమతి కావలసి యుండెనని రేపటి బాలురకు చెప్పుటకు, మాటకంటె ఆ వస్తువే మంచి సాక్షి.