బెంగుళూరున ఔత్సాహిక ఛాయాగ్రహణము : కొన్ని చారిత్రక విషయములు

ఛాయాగ్రహణము నేడు అందఱి చేతిలోని విద్య. జేబులోని ఫోను పైకి తీసి ఱెప్పపాటులో చిత్రము గ్రహింపవచ్చును. అయినను ఈ విద్యను జీవనోపాధికి గాక కేవలము ఇష్టముచేత అభ్యసించువాడు ఎట్లు మొదలిడవలెను? అతని శ్రమ అతని వేడుకకే గాక పదిమందికి ఉపకరించుట యెట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకువారికి బెంగుళూరు నగరచరిత్ర మంచి ఆధారము. ఈ నగరమున ఒక ఔత్సాహికుడు ఆరంభించిన పని తుదకు ఆంధ్రుల అమూల్యమైన అమరావతీ శిల్పసంపదను చిత్రబద్ధము చేయుటకు దారితీసినది. ఈ సంగతి మనలో ఎక్కువమందికి తెలియదు.

క్రీ.శ. 1839లో ఫ్రాన్సు దేశమున డాగేర్ కనుగొన్న విధానము లోకమునకు వెల్లడి యయ్యెను. దానివలన వెండిపూత గల రేకుపై ఒక్క చిత్రము మాత్రమే లభించెడిది. ఇంగ్లండున టాల్బట్ 1841లో హక్కులు పొందిన విధానము కాగితముమీద ఆధారపడినది. ఒక్క నెగటివునుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చును. భారతదేశమున 1854లో బొంబాయియందును, 1856లో కలకత్తా, మద్రాసులయందును ఛాయాగ్రాహక సంఘములు ఏర్పడినవి. సభ్యులలో పెక్కురు సైనికాధికారులు, వైద్యులు, ప్రభుత్వోద్యోగులు. వీరు తమ ఉద్యోగములు చేసికొనుచు తీరిక వేళలయందు ఈ విద్య నభ్యసించినవారు. మద్రాసు సంఘస్థాపనకు పాటుపడిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ సైతము వృత్తిచే వైద్యుడు. 1850లో మద్రాసు చిత్రకళా పాఠశాలను నెలకొల్పినవాడు.

ఇట్టి ఔత్సాహికులలో బెంగుళూరునకు సంబంధించిన ముఖ్యుడు లిన్నేయస్ ట్రైప్. ఇతడు 1822లో జన్మించి, ఈస్టిండియా కంపెనీవారి మద్రాసు సైన్యమున చేరెను. సెలవుపై స్వదేశమున నున్న కాలమున ఛాయాగ్రహణముపై ఆసక్తి కలిగి, 1853లో లండను ఛాయాగ్రాహక సంఘమున సభ్యుడయ్యెను. 1854లో బెంగుళూరునకు మరలివచ్చి, ఆ సంవత్సరాంతమున హళేబీడు, బేలూరు దేవాలయముల చిత్రములు తీసెను. 1855లో మద్రాసున జరిగిన ప్రదర్శనమున ఈ చిత్రములకు ప్రథమశ్రేణి పతకము లభించెను. ఆనాటికి అతడు జీతముకొఱకు చిత్రములు తీయువాడు కాడు. కవాతు ముగించి కెమెరా పట్టినవాడు మాత్రమే.

ఆ కాలమున ఈ వినోదము సుఖసాధ్యము కాదు. ట్రైప్ అనుసరించినది మైనపుకాగితపు పద్ధతి. దీనిని 1851లో ఫ్రాన్సు దేశీయుడు గుస్తావ్ లెగ్రే ప్రకటించెను. పలుచని కాగితమునకు మైనము పట్టించి, వెండి లవణములతో దానిని వెలుగు సోకిన మార్పు చెందునట్లు చేసి, కెమెరాలో నుంచి నిమిషముల కొలది నిరీక్షింపవలెను. ఈ కాగితమును ముందుగా సిద్ధపఱచుకొని ప్రయాణము చేయవచ్చును గనుక ఎండదేశమున తిరుగువారికి ఇది అనుకూలమైనది. కాని నీలివర్ణముపట్ల దానికి స్పందన అధికము. గోపురము స్పష్టముగ పడునప్పటికి ఆకాశము వట్టి తెలుపుగ మిగిలెడిది. ట్రైప్ ఈ లోపమునకు విసుగు చెందలేదు. కుంచె పట్టి నెగటివుపైననే మేఘములను చిత్రించి ప్రతులు తీసెను. తన సాధనము చేయగలది యేదో, చేయజాలనిది యేదో ఎఱుగుటయే ఈ విద్యలో మొదటి పాఠము.

1855లో గవర్నర్ జనరల్ డల్హౌసీ బర్మా రాజు ఆస్థానమునకు పంపిన రాయబారముతో ట్రైప్ వెళ్లెను. అక్కడ తీసిన చిత్రములలో 120 ఎన్నుకొని, ఒక్కొక్కదానికి ఏబది ప్రతుల చొప్పున బెంగుళూరులోనే ముద్రించెను. అనగా ఆఱువేల ప్రతులు! యంత్రసహాయము లేక, ఎండ వెలుగున ఒక్కొక్కటిగ తీసినవి. 1856లో మద్రాసు ప్రభుత్వము అతనిని తన ఛాయాగ్రాహకునిగ నియమించెను. తరువాత అతడు శ్రీరంగము, మధుర, తంజావూరు మొదలగు క్షేత్రములను, తెలుగువారు నేటికిని నివసించుచున్న హొసూరు ప్రాంతమునకు చేరువనున్న రాయకోటను చిత్రించెను. తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపై నున్న శాసనమును వరుసగ తీసి, ఇరువదియొక్క ప్రతులను జోడించి, పందొమ్మిది అడుగుల పొడవుగల ఒకే చిత్రముగ రూపొందించుట అతని ఓర్పునకు తార్కాణము.

ఇక అమరావతి విషయము. 1845లో వాల్టర్ ఇలియట్ గుంటూరు మండలమందలి అమరావతీ స్తూపమున త్రవ్వించి, వెలువడిన శిల్పఫలకములను మద్రాసునకు తరలించెను. ఇవి ఇలియట్ మార్బుల్స్ అని ప్రసిద్ధికెక్కినవి. 1858లో ట్రైప్ మద్రాసు మ్యూజియమున వీనిని చిత్రించెను. మఱుసటి సంవత్సరమే వీనిలో అధికభాగము ఓడపై లండనునకు పంపబడినవి. కన్నభూమిని వీడి సముద్రము దాటకముందు ఆ శిలలు ఏ స్థితిలో నుండెనో ఆ చిత్రములు నేటికిని సాక్ష్యమిచ్చుచున్నవి. బెంగుళూరున తీరిక వేళలయందు సానపట్టిన విద్య ఆంధ్రదేశ చరిత్రకు ఈ విధముగ ఋణపత్రమైనది. 1860 నాటికి గవర్నరు ట్రెవెల్యన్ వ్యయాధిక్యమను కారణమున ఆ ఉద్యోగమును రద్దుచేసెను. ట్రైప్ ఆపైన చిత్రములు తీసినది స్వల్పము, 1902లో మరణించెను.

తరువాతి కాలమున ఈ విద్య క్రమముగ సామాన్యునకు అందివచ్చెను. 1888లో అమెరికా దేశీయుడు ఈస్ట్‌మన్ నూఱు చిత్రములకు సరిపడు ఫిల్ము చుట్టతో కొడాక్ కెమెరాను, 1900లో ఆయన సంస్థయే ఒక డాలరు వెలకు బ్రౌనీ అను పెట్టె కెమెరాను వెలువరించినవి. 1925లో జర్మనీనుండి లైకా వచ్చెను. స్వాతంత్ర్యానంతరము మన దేశముననే బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 అను చవుక కెమెరా ఎన్నో మధ్యతరగతి కుటుంబములకు మొదటి కెమెరా యయ్యెను. ఉదకమండలమందలి హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ ఇందు అను పేర ఫిల్మును తయారుచేసెను. క్లిక్ కెమెరాలో చుట్ట కొకటికి పండ్రెండు చిత్రములే. ఫిల్మునకు, కడిగించుటకు, ప్రతులకు వేర్వేఱుగ డబ్బు చెల్లింపవలెను. కావున మీట నొక్కుటకు ముందు ఆలోచించుట అందఱికి అలవాటయ్యెను. పేదఱికము నేర్పిన ఈ పొదుపే చాలమందికి గురువైనది.

కెమెరా కొన్నంతమాత్రమున విద్య రాదు. తన చిత్రమును పదిమంది యెదుట నుంచి, తప్పు చెప్పించుకొనవలెను. ఈ పని సంఘములవలననే సాధ్యము. 1953లో భారత ఛాయాగ్రాహక సమాఖ్య ఏర్పడినప్పుడు దాని స్థాపకులలో ప్రముఖులు బెంగుళూరు వాసులైన డాక్టర్ జి. థామస్. 1971లో ఈ నగరముననే యూత్ ఫోటోగ్రాఫిక్ సొసైటీ స్థాపింపబడినది. ఓ. సి. ఎడ్వర్డ్స్ వద్ద శిక్షణ పొందిన టి. ఎన్. ఎ. పెరుమాళ్ (1932–2017) పక్షులను, వన్యమృగములను చిత్రించుటలో అంతర్జాతీయ ఖ్యాతి గడించి, ఎందఱో యువకులకు తాము నేర్చినది నేర్పిరి. సండూరు రాజవంశీకులు, కర్ణాటక రాష్ట్రమునకు ఆర్థికమంత్రిగ పనిచేసిన ఎం. వై. ఘోర్పడే వన్యమృగముల చిత్రములతో 1983లో ‘సన్‌లైట్ అండ్ షాడోస్’ అను గ్రంథమును వెలువరించిరి. రాజ్యకార్యభారము సైతము ఈ అభిరుచికి అడ్డు కాలేదనుటకు వీరు నిదర్శనము.

ఈ చరిత్రనుండి క్రొత్తగ మొదలిడువారు గ్రహింపదగినవి మూడు. మొదటిది, సాధనము గొప్పది కానక్కఱలేదు. దాని పరిమితి తెలిసిన చాలును. రెండవది, ఒంటరిగ గాక ఒక గురువు చెంతనో, సంఘమునందో అభ్యసింపవలెను. మూడవది అన్నిటికంటె ముఖ్యము: ట్రైప్ తన చిత్రములకు పేరును, స్థలమును తెలుపు శీర్షికలను జతపఱచెను. అవి లేనిచో ఆ ఫలకము లేవియో, ఆ గోపురము లెచ్చటివో తరువాతివారు ఊహింపవలసి వచ్చెడిది.

ఈ మూడవ విషయమున బెంగుళూరు తెలుగువారు ప్రత్యేకముగ మేల్కొనవలెను. తరతరములుగ ఈ నగరమున స్థిరపడిన మన కుటుంబముల పెట్టెలలో పెండ్లి చిత్రములు, తెలుగు బడుల తరగతి చిత్రములు, నాటకసమాజముల చిత్రములు ఎన్నో కలవు. వానిలో పెక్కింటి వెనుక ఒక్క అక్షరమైనను వ్రాయబడి యుండదు. ఆ ముఖములను గుర్తించు పెద్దలు ఒక్కొక్కరుగ కనుమఱుగగుచున్నారు. వారు పోయిన పిమ్మట ఆ చిత్రము ఉండియు లేనట్లే యగును. కావున ఛాయాగ్రహణము నేర్వగోరు తెలుగు బాలబాలికలు తమ మొదటి అభ్యాసమును ఇంటనే ఆరంభించుట మేలు. తాతగారి ప్రక్క కూర్చుండి, పాత చిత్రముల వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, పిమ్మట ఆ తాతగారినే కిటికీ వెలుగున కూర్చుండబెట్టి ఒక్క చిత్రము తీయవలెను. దాని క్రింద తేది వేయుట మఱువరాదు. అమరావతి శిలలకు ఒక పరదేశీయుడు చేసిన సేవ మన యింటివారికి మనము చేయలేనిది కాదు.