కొండెక్కే పళ్ల చక్రం

పల్నాడులోని కొండవీడు ఘాట్ రోడ్డు మీదికి గేర్ సైకిల్ తొక్కడం అలవాటైనవాళ్లకు ఒక సంగతి తెలుసు. పెడళ్ల దగ్గరుండే మూడు పళ్ల చక్రాల్లో ముందుగా అరిగేది లోపలి చిన్నదే. పెద్ద చక్రం పళ్లు ఇంకా కొత్తగానే ఉంటాయి. చిన్నదాని పళ్లు అప్పటికే సన్నబడి, మొనదేలి, ఒక పక్కకు వాలిపోయి ఉంటాయి. గట్టిగా తొక్కినప్పుడల్లా చైను టక్కుమని జారుతుంది. ఆ ఒక్క చక్రాన్ని విప్పి కొత్తది బిగించడం ఇవాళ గంట పని. అది గంట పని కావడానికి సైకిల్ చరిత్రలో చాలా ఏళ్లు పట్టింది, ఆ ఏళ్లలో కొన్ని పెద్ద మలుపుల దగ్గర ఎక్కడో ఒక కొండ ఉంది.

కొండవీడును ఏలిన రెడ్డిరాజుల చరిత్రలో మనుషుల్ని కొండ ఎక్కించే పనికి గౌరవమైన చోటుంది. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీడుకు తెచ్చాడు. మెట్టు కొండ ఎత్తును తగ్గించదు. ఒక్కో అడుగుకు లేవాల్సిన ఎత్తును తగ్గించి, అడుగుల లెక్క పెంచుతుంది. ముసలివాళ్లూ పిల్లలూ కూడా పైకి చేరేది అందుకే. మెట్ల మీద చక్రం నడవదు కనుక, సైకిల్ తన మెట్లను తనలోనే మోసుకెళ్లాలి. ఆ మెట్టే చిన్న చైన్ వీల్, అంటే పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రం.

లెక్క చూస్తే తేడా తెలుస్తుంది. మన ఊళ్లలో తిరిగిన పాత నల్ల సైకిల్‌కు ముందు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి దాదాపు 5.4 మీటర్లు పోతుంది. 26 అంగుళాల చక్రాలున్న మౌంటెన్ బైక్‌లో ముందు 22, వెనక 32 పళ్ల మీద చైను వేస్తే ఒక చుట్టుకు 1.4 మీటర్లే. కొండవీడు ఘాట్ రోడ్డు సుమారు 5 కిలోమీటర్లు. నల్ల సైకిల్ మీద అది 900 చుట్ల పైచిలుకు, మౌంటెన్ బైక్ మీద 3,500 చుట్లు. ఆ 900 చుట్లు దిగకుండా తిప్పగల కాళ్లు నూటికి ఒకరికి ఉంటాయేమో. 3,500 చుట్లు ఓపికున్న ఎవరైనా తిప్పగలరు.

ఈ లెక్కకు తావే లేని కాలం ఒకటి ఉంది. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన రెండు చక్రాల బండికి పెడళ్లే లేవు. కాళ్లతో నేలను తన్నుకుంటూ పోవాల్సిందే. 1860లలో పారిస్‌లో ముందు చక్రం ఇరుసుకే పెడళ్లు బిగించారు. పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక చుట్టే తిరుగుతుంది. వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చేయడం తప్ప దారి లేదు. అలా పెరిగి పెరిగి ముందు చక్రం మనిషి భుజం దాకా వచ్చింది. తొక్కేవాడి కాళ్ల పొడవే దానికి హద్దు. బ్రేకు గట్టిగా వేస్తే తలకిందులుగా పడడం ఆ బండ్ల మీద మామూలు ప్రమాదం.

చిక్కు విప్పింది గొలుసు. గొలుసుతో చక్రం తిప్పడం పాత విద్యే. పదకొండో శతాబ్దంలో చైనాలోని కైఫెంగ్‌లో సు సుంగ్ కట్టిన గడియార స్తంభంలో ఉంది, లియొనార్డో డా విన్సీ నోటుపుస్తకాల్లో బొమ్మలుగానూ ఉంది. సైకిల్‌కు కావలసింది మాత్రం వేలసార్లు తిరిగినా తెగని, తొందరగా సాగని గొలుసు. ఇంగ్లండ్‌లో జేమ్స్ స్లేటర్ 1864లో ఒక గొలుసుకు పేటెంటు తీసుకున్నాడు. 1879లో ఆయన వ్యాపారాన్ని స్విట్జర్లాండ్ నుంచి మాంచెస్టర్ వచ్చి స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ కొన్నాడు. మరుసటి ఏడే రెనాల్డ్ బుష్ రోలర్ చైను తెచ్చాడు. పిన్ను మీద బుష్, బుష్ మీద దొర్లే చిన్న రోలర్. పంటిని తాకేది రోలర్ కనుక రాపిడి తగ్గింది. ఇవాళ సైకిల్ షాపులో దొరికే చైను ఆ వంశానిదే.

ఆ తర్వాత మార్పు వేగంగా జరిగింది. 1879లో హెచ్.జె. లాసన్ వెనక చక్రాన్ని గొలుసుతో తిప్పే సైకిల్ చేశాడు. అది అమ్ముడుపోలేదు. 1885లో కొవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ ప్రపంచాన్ని మార్చేసింది. రెండు చక్రాలూ ఇంచుమించు సమానం, మధ్యలో పెడళ్లు, పెడళ్ల పక్కన పళ్ల చక్రం, అక్కణ్ణుంచి వెనక్కి గొలుసు. వేగం కోసం ఇక కాలి పొడవునూ భారీ చక్రాన్నీ నమ్ముకోనక్కర్లేదు, ముందు పళ్లను వెనక పళ్లతో భాగిస్తే వచ్చే అంకె చాలు. గొలుసు ప్రయాణం సైకిల్‌తోనే ఆగలేదు. సైకిళ్లు చేసి అమ్ముకునే రైట్ సోదరులు 1903లో ఎగరేసిన విమానంలో ఇంజను నుంచి ప్రొపెల్లర్లకు శక్తిని అందించింది ఇండియానాపోలిస్‌లోని డైమండ్ చైన్ కంపెనీ గొలుసులే. ఆ డైమండ్ కంపెనీ సాంకేతిక సహకారంతోనే తర్వాతి కాలంలో మద్రాసులో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ వాళ్లు చైన్ల ఫ్యాక్టరీ పెట్టారు. కిట్టీ హాక్ ఇసుక మీద లేచిన ఆ విమానానికీ మన చైన్లకూ ఉన్న ఈ చుట్టరికం తలచుకున్నప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది.

మన దేశంలో సైకిల్ చాలాకాలం దిగుమతి సరుకు. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో ముంజాల్ సోదరుల హీరో మొదలయ్యాయి. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లిన రోజులవి. పల్నాడు పల్లెల్లో పాల క్యాన్లు, గడ్డిమోపులు, బడిపిల్లలు అందరూ కదిలింది ఆ నల్ల సైకిళ్ల మీదే. వాటికి ముందు ఒకటే చైన్ వీల్. అది కుడి క్రాంకుతో ఏకంగా ఉంటుంది, క్రాంకును ఇరుసుకు పట్టి ఉంచేది కాటర్ పిన్ను. పళ్లు అరిగాయంటే కాటర్ పిన్నును సుత్తితో దిగగొట్టి, క్రాంకూ చక్రమూ కలిపి మార్చాలి. గట్టి ఉక్కు కనుక అది ఏళ్ల తరబడి వచ్చేది, ఆ ఇబ్బంది పెద్దగా ఎవరికీ తెలియలేదు. ఎత్తు వస్తే దిగి నెట్టుకుంటూ పోవడం అందరికీ మామూలు.

దిగి నెట్టడానికి ఒప్పుకోని మనిషి ఫ్రాన్స్‌లో ఉన్నాడు. సాంత్ ఎతియెన్ పట్టణంలో పాల్ ద వీవీ, వెలోసియో అనే కలంపేరుతో ‘ల సిక్లిస్త్’ పత్రిక నడిపాడు. ఆ ఊరు కొండల మధ్య ఉంది. ముందు రెండు పళ్ల చక్రాలు పెట్టుకుని, కొండ దగ్గర చైనును చిన్నదాని మీదికి మార్చుకోవచ్చని ఆయన తొక్కి చూపించాడు, జీవితమంతా రాశాడు. టూర్ ద ఫ్రాన్స్ స్థాపకుడు హెన్రీ దెగ్రాంజ్ మాత్రం గేరు మార్చే పరికరాన్ని పోటీలోకి రానివ్వలేదు. కండబలానికే పరీక్ష జరగాలన్నది ఆయన పట్టు. 1937లో గానీ అనుమతి రాలేదు. నా దృష్టిలో వెలోసియోదే సరైన మాట. బలవంతుడికి మాత్రమే దారిచ్చే బండి కంటే అందరినీ పైకి తీసుకెళ్లే బండి మేలు.

ముందు రెండు మూడు చక్రాలు రావాలంటే వాటిని క్రాంకు నుంచి విడదీయాలి. పందెపు సైకిళ్లలో క్రాంకుకు చేతుల్లాంటి కొమ్మలు పెట్టి, వాటికి పళ్ల చక్రాన్ని బోల్టులతో బిగించడం మొదలైంది. 1933లో ఫ్రాన్స్‌లోని స్ట్రాంగ్‌లైట్ కంపెనీ కాటర్ పిన్ను అక్కర్లేని అల్యూమినియం క్రాంకు తెచ్చింది. ఈ రెండూ కలిశాక ఎన్ని పళ్లు కావాలో తొక్కేవాడే ఎంచుకోగలిగాడు. అరిగిన చక్రాన్ని మాత్రమే తీసేసి మరొకటి వేసుకోగలిగాడు. ఈ కథలో అన్నిటికంటే విలువైన మెట్టు నాకు ఇదే అనిపిస్తుంది. దీని గురించి మాత్రం ఎవరూ ఎక్కువగా మాట్లాడరు.

1970లలో కాలిఫోర్నియాలోని మౌంట్ తమల్పాయిస్ మీద కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లను మట్టిదారుల్లో కిందికి దూకించేవారు. ఒక్క దిగుడుకే వెనక బ్రేకు హబ్బులో గ్రీజు కాలిపోయేది, మళ్లీ కూరుకోవాలి. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ల పందేనికి రీప్యాక్ అనే పేరు అలా వచ్చింది. దిగడం సరదాయే, బండిని మళ్లీ పైకి తోసుకెళ్లడమే బాధ. గ్యారీ ఫిషర్ లాంటివాళ్లు అందుకే గేర్లు తగిలించారు. దూరయాత్రల సైకిళ్లకు వాడే మూడు చక్రాల క్రాంకు అలా కొండ సైకిల్‌కు వచ్చి చేరింది. తర్వాతి దశాబ్దాల్లో 22, 32, 44 పళ్ల జోడింపు ప్రపంచమంతా పాకింది. 2012లో స్రామ్ కంపెనీ వెనక 11 చక్రాలు పెట్టి, ముందు ఒకటే ఉంచింది. ఆ ముందు చక్రానికి ఒక పన్ను లావు, ఒక పన్ను సన్నం. చైనులో లోపలి లింకూ బయటి లింకూ ఒకటి విడిచి ఒకటి వస్తాయి కనుక పళ్లు వాటిలో బిగువుగా కూర్చుంటాయి, చైను ఊడదు. ఆ పళ్లు అరిగి పలచబడితే ఆ పట్టు కూడా పోతుంది.

ఇక అరుగుదల. ముందుగా పాడయ్యేది చైను. పిన్నులు, బుష్‌లు రాపిడికి అరిగి, ఒక్కో లింకు కొంచెం సాగుతుంది. కొత్త చైనులో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు. అది పెరిగితే రోలరు పంటి అడుగున కూర్చోక పైకి ఎగబాకి లాగుతుంది, పన్ను ఆ పక్కకు వాలుతుంది. చిన్న చక్రానికి ఈ బాధ ఎక్కువ. 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద 30 కిలోల బరువుతో తొక్కితే 44 పళ్ల చక్రం మీద చైనుకు దాదాపు 57 కిలోల లాగుడు, 22 పళ్ల చక్రం మీద 115 కిలోలు. ఆ రెట్టింపు లాగుడును పంచుకునే పళ్లేమో సగమే. దీనికి తోడు పల్నాడు నల్లరేగడి. వానాకాలంలో టైరుకు అంటిన బురద చైను మీదికి చేరి, నూనెతో కలిసి సానపట్టే ముద్దవుతుంది. తుడవకుండా పైన మళ్లీ నూనె పోయడం కంటే పెద్ద హాని లేదు.

పరీక్షకు 12 అంగుళాల ఉక్కు స్కేలు చాలు. చైను బిగువుగా పట్టి ఒక పిన్ను మధ్యలో సున్నా పెడితే, 24వ లింకు దగ్గరి పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాటిందంటే పళ్ల చక్రాలూ పాడైనట్టే. అరిగిన చక్రం మీద కొత్త చైను జారుతుంది. సాగిన చైను కొత్త చక్రాన్ని త్వరగా తినేస్తుంది. కాబట్టి చక్రాలు కూడా పాడయ్యాక రెండూ కలిపి మార్చడమే లాభం.

పాత తరహా క్రాంకుల్లో లోపలి చిన్న చక్రం తీయాలంటే ముందు క్రాంకునే పుల్లర్‌తో లాగాలి. ఆపైన 5 మిల్లీమీటర్ల అలెన్ కీ సరిపోతుంది. కొత్తది పెట్టేటప్పుడు బోల్టులకు కాస్త గ్రీజు రాసి, ఎదురెదురు బోల్టులను కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. పెద్ద చక్రానికి పొడుచుకొచ్చిన చిన్న పిన్ను ఉంటుంది. అది క్రాంకు వెనక్కి రావాలి, చైను బయటికి జారినా సందులో ఇరుక్కోకుండా కాపాడేది అదే.

మన దగ్గర రేంజర్ పేరుతో అలవాటైన చవక గేర్ సైకిళ్లలో చాలావాటికి మూడు చక్రాలనూ రివెట్లతో కలిపి కొట్టేస్తారు. చిన్నది అరిగినా మొత్తం సెట్టు పారేయాల్సిందే. కొండ మీదికి తొక్కే ఉద్దేశంతో సైకిల్ కొనేవాళ్లు రంగూ షాకబ్జార్బర్లూ చూసే ముందు వంగి క్రాంకు దగ్గర బోల్టులున్నాయో రివెట్లున్నాయో చూడాలి. బోల్టులుంటే కొత్త చక్రం తెచ్చుకునేటప్పుడు పళ్ల సంఖ్యతో పాటు వెనక ఎన్ని చక్రాలున్నాయో కూడా చెప్పాలి, చైను మందం దాన్ని బట్టే మారుతుంది. నాలుగు బోల్టుల క్రాంకులో పక్కపక్క బోల్టుల మధ్య కొలిస్తే సుమారు 73.5 మిల్లీమీటర్లు వస్తే అది 104 రకం (బోల్టుల వలయం వ్యాసం మిల్లీమీటర్లలో), 45 వస్తే లోపలి చిన్నదానికి వాడే 64 రకం.