ఎదుటి పీట

మా తాతతో నేనెన్నడూ ఒకే పక్షాన కూర్చోలేదు. ఆయనెప్పుడూ పులి, మేమెప్పుడూ మేకలం. రాయ్‌పూర్ డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో, అంటే వ్యాగన్లు మరమ్మతు చేసే షాపు కాలనీలో, మా క్వార్టరు వరండా గచ్చు మీద సుద్దముక్కతో పులిజూదం గీసేవాడు. పైన ఒక శిఖరం, దాన్నుంచి కిందికి జారే గీతలు, వాటిని కోస్తూ అడ్డగీతలు, మొత్తం 23 కూడళ్లు. పులులకి 3 గులకరాళ్లు, మేకలకి 15 చింతపిక్కలు. పొద్దున్నే ఆ గీతల్ని కడిగేది అమ్మ. మావగారి ఎదుట కోడలు ఆటకి కూర్చోవడం అప్పట్లో మా ఇంట లేదు.

ఈ ఆట తాతతోపాటు రైల్లో వచ్చింది. 1877లో బాలుడు నరేంద్రుడు, తర్వాత వివేకానందుడైనవాడు, రాయ్‌పూర్ రావాలంటే నాగపూర్ నుంచి ఎడ్లబండే దిక్కయింది. అతను చదరంగం నేర్చింది ఈ ఊళ్లోనే అంటారు జీవితచరిత్రకారులు. మన వైపునుంచి దారి పడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో రైలు నడిచింది. అక్కణ్నుంచి రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ మీదుగా రాయ్‌పూర్ దాకా లైను పూర్తయింది 1931లో. ఆ పట్టాల వెంటే పార్వతీపురం నుంచి మా తాత వచ్చాడు. పెట్టెలో ఆటపలక లేదు, అక్కర్లేదు కూడా. గీత చేతిలో ఉంది, పిక్కలు వంటింట్లో ఉన్నాయి. పక్కింటి ఛత్తీస్‌గఢీ పిల్లలు మా పులిని ‘బఘ్వా’ అని, మేకని ‘ఛేరీ’ అని ఆటలో చేరిపోయారు.

పచ్చీసులోనూ జతలుంటాయి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక పక్షం. తన కాయలు పండే వేళకి ఒకడు జతగాడి కోసం ఆగి, అతని దారి కాయవచ్చు. కానీ అది సమానుల ఆట. పులిజూదం అలా కాదు. పులి ఒంటరి మేక మీదుగా దూకి తింటుంది. మేకకి ఆ బలం లేదు, వెనక కూడలిలో ఇంకో మేక నిలబడితేనే బతుకుతుంది. మేం అయిదుగురం, తలా 3 పిక్కలు. పులిని కట్టెయ్యాలంటే ఒక్కోసారి మాలో ఎవరో తమ మేకని ఎర వెయ్యాలి. ఎవరిది అన్నదగ్గర ఎంత ఏడుపు, ఎంత బతిమాలాట! కలిసి ఆడటమంటే ఏమిటో నేను నేర్చుకున్నది అక్కడే.

ఎదుటి పీటకి బయటి ప్రపంచంలోనూ పెద్ద చరిత్రే ఉంది. 1824లో ప్రష్యా సైన్యం చేపట్టిన యుద్ధక్రీడలో రెండు పక్షాల మధ్య ఒక మధ్యవర్తి ఉండేవాడు. ఎవరి దళం ఎక్కడుందో రెండోవాళ్లకి చెప్పకుండా దాచేది ఆయనే. బొమ్మ సైనికులతో ఆడే అలాంటి ఆటల్లోంచే 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ పుట్టింది. నేలమాళిగలో ఏముందో తెలిసిన మనిషి ఒకడు, తెలియక దిగేవాళ్లు మిగతా అందరూ. 1989లో ‘హీరోక్వెస్ట్’ వచ్చింది, నలుగురు వీరులకి ఎదురుగా ఒక దుష్ట మాంత్రికుడు. 2005లో ‘డిసెంట్’ వచ్చినప్పుడూ ఒకరు పులిగా ఉండాల్సిందే. 2016లో దాని రెండో కూర్పుకి ఒక యాప్ వచ్చి ఆ పీట మీద కూర్చుంది. 2021లో వచ్చిన ‘డిసెంట్: లెజెండ్స్ ఆఫ్ ద డార్క్’లో మనిషికి ఆ పీటే లేదు.

మా అమ్మాయి కొన్నది ఈ చివరిదే. 40 బొమ్మలు, అట్టతో కట్టుకునే 46 మెట్లూ చెట్లూ వగైరా. తలుపు తెరిస్తే అవతల ఏ పలక పేర్చాలో ఫోను చెబుతుంది. పాచికలు మనవే. తగిలిన దెబ్బ ఎంతో చెబితే శత్రువుకి మిగిలిన ప్రాణం లెక్క దానిది. శత్రువు ఎటు కదలాలో అది చెబితే మనమే జరుపుతాం.

బొమ్మలంటే ఛత్తీస్‌గఢ్ వాళ్లకి ఒక పట్టింపు ఉంటుంది. కొండగావ్‌లో ఘడ్వా పనివాళ్లు మట్టి ముద్ద మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి మెత్తి, మైనం కరిగి పోయిన చోట ఇత్తడి పోస్తారు. అచ్చు పగలగొడితేనే బొమ్మ బయటికొస్తుంది. అందుకే ఏ రెండూ ఒక్కలా ఉండవు. ఈ ప్లాస్టిక్ దుండగులు మాత్రం ఒకరి పోలికే మరొకరిది. మా అమ్మాయి ఒక్కొక్కణ్ని ఒక్కో రంగులో ముంచి మనుషుల్ని చేస్తోంది. ఆ శ్రమంటే నాకు గౌరవం.

అమ్మకిప్పుడు 78. ఆమె ఎంచుకున్నది బ్రిన్ అనే యోధురాలిని. యాప్ ఇంగ్లీషులో చెప్పే కథని మనవరాలు తెలుగు చేసి చెప్పాలి. మొదటిరోజు ఫోను వైపు చూసి, “పులి కనబడదేటే?” అంది.

“దీంట్లోనే ఉంది నాన్నమ్మా.”

“మావయ్యగారు కూడా అంతే. ఏం చేస్తారో మొహంలో కనబడనిచ్చేవోరు కాదు.”

అమ్మ ఇంకో మాట చెప్పింది. మాలో చిన్నవాడి కళ్లల్లో నీళ్లు తిరిగితే తాత తినగలిగిన మేకని వదిలేసి రాయి పక్కకి జరిపేవాడట. గుమ్మంలోంచి ఆమెకి కనబడేది, ఎదురుగా ఉన్న మాకు తెలిసేది కాదు. ఫోను అలా చెయ్యదు. చిన్నవాడి కళ్లు దానికి కనబడవు. అది లోటే, నేను కాదనను. కానీ ఆ పీట దానికి వదిలేశాక ఇంటి పెద్ద మా వైపుకి వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గరే ఆటంతా చూసిన మనిషి, నా భుజానికి భుజం ఆనించి కూర్చుంటోంది. తాతతో నాకు దక్కనిది ఇదే.

పోయిన ఆదివారం నా వీరుడు పడిపోయే స్థితిలో ఉన్నాడు. అమ్మ బ్రిన్‌ని నా ముందుకి జరిపి నిలబెట్టింది. దెబ్బ తనకి తగులుతుందని తెలుసు. ఫోను తన వంతు ముగించింది.

“ఇప్పుడు మన వంతే కదా?” అంటూ పాచికలు అందుకుంది.