షరతు వాక్యాల నుంచి నిగమనం

‘ఇది అయితే అది’ అనే రూపంలోని వాక్యం నుంచి తప్పనిసరిగా తేలే ముగింపును రాబట్టే తర్క పద్ధతి. షరతు భాగం పూర్వాంగం, ఫలితం ఉత్తరాంగం. ‘ఒక సంఖ్య 6కు గుణిజమైతే 3కు కూడా గుణిజమే’ అన్న వాక్యాన్ని చూడండి. 42 ఆరుకు గుణిజం, కనుక మూడుకూ గుణిజమే. 20 మూడుకు గుణిజం కాదు, కనుక ఆరుకూ కాదు. క్రీ.పూ. 3వ శతాబ్దపు స్టోయిక్ తాత్వికుడు క్రిసిప్పస్ ఈ రెండు మార్గాలనూ రుజువు అక్కర్లేని మూల అనుమానాల వరసలో మొదట నిలిపాడు. ఉత్తరాంగం నిజమైంది కాబట్టి పూర్వాంగమూ నిజమే అనుకోవడం దోషం. దాన్ని కొట్టెయ్యడానికి 9 ఒక్కటి చాలు.

బోధనలో ఎక్కువ సమయం ఇవ్వవలసింది రెండో మార్గానికే. 1966లో బ్రిటిష్ మనస్తత్వవేత్త పీటర్ వాసన్ ప్రకటించిన నాలుగు కార్డుల పరీక్ష ఇందుకు మంచి ఆధారం. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, మరోవైపు అంకె. పైకి కనిపించేవి ఒక అచ్చు, ఒక హల్లు, 4, 7. ‘ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉంటుంది’ అన్న నియమాన్ని పరీక్షించాలంటే వేటిని తిప్పాలి? చాలామంది అచ్చునూ 4నూ ఎంచుకుంటారు. నిజానికి 4 వెనుక ఏ అక్షరం ఉన్నా నియమానికి భంగం లేదు. 7 వెనుక అచ్చు ఉంటే మాత్రం నియమం అక్కడికక్కడే చెడుతుంది. ఇదే చిక్కును మద్యం తాగే వయసు నిబంధనగా మార్చి అడిగినప్పుడు ఎక్కువమంది సరిగ్గా జవాబిచ్చారని 1982 నాటి ప్రయోగాలు చూపాయి.