యంత్రమునకు ధారణ

ఆటను గూర్చి పెద్దలకు ప్రసంగమేల యని కొందరికి తోచవచ్చును. ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని, చదువుకొను పిల్లలున్న ఇండ్లలో అనేకమునకు నేడు కంప్యూటరు వచ్చినది. పిల్లలు దానిపై చదువుదురు, ఆడుదురు కూడ. ఆట నడుమ యంత్రము స్తంభించినను, ఆట తనంత తానే మూతపడినను, "దీనికి మెమొరీ చాలదు, క్రొత్తది కొనవలెను" అని పెద్దలతో చెప్పుదురు. రొక్కము చెల్లింపవలసినవారు పెద్దలు. కావున ఈ మెమొరీ యననేమి, అది చాలకపోవుట యననేమి, చాలనప్పుడెల్ల కొనుటయే మందా యను సంగతి పెద్దలును తెలిసికొనుట మేలు. దీనికొక చరిత్ర కలదు. నేటి ప్రసంగమున ఆ చరిత్రను కొంత వివరించెదను.

ధారణ యను మాట మన సీమకు క్రొత్తది కాదు. ప్రొద్దుటూరు అవధానములకు పేరుగన్న పట్టణము. దుర్భాక రాజశేఖర శతావధానిగారు (1888–1957), గడియారము వేంకటశేషశాస్త్రిగారు, తరువాతి తరమున సి. వి. సుబ్బన్న శతావధానిగారు ఆ పట్టణమున సాహిత్యసేవ చేసినవారే. అష్టావధానమున ఎనమండ్రు పృచ్ఛకులు చుట్టును కూర్చుందురు. ఒకరు సమస్య నిత్తురు. ఒకరు దత్తపది నిత్తురు. ఒకరు అక్షరమక్షరమునకు నిషేధము పెట్టుదురు. అవధాని ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదము చెప్పుచు సాగి, తుదకు ఆ పద్యములను ధారణతో అప్పగించును. నడుమ అప్రస్తుతప్రసంగి చిలిపి ప్రశ్నలు వేయుచునే యుండును. ఒక ప్రక్క గంట మ్రోగుచునే యుండును. ఇందొక సూక్ష్మము కలదు. అప్రస్తుతప్రసంగమునకు అవధాని చమత్కారముగా బదులు చెప్పి, దానిని అచ్చటనే విడిచివేయును. ఆశువుగా చెప్పిన పద్యమును తుదివరకు మోయడు. గంటల లెక్కను మాత్రము మనసున పెట్టుకొనును. ఏది నిలుపవలెనో, ఏది విడువవలెనో యెరిగియుండుటచేతనే అతని ధారణ నిలుచును. యంత్రము సంగతియు ఇంతే.

కంప్యూటరు పనిచేయుచున్నంతసేపు కావలసిన అంకెలను, అక్షరములను, బొమ్మలను చేతికందునట్లు నిలుపుకొను తావునకు మెమొరీ యని పేరు. విద్యుత్తు ఆగినచో అందలిదంతయు చెరిగిపోవును. శాశ్వతముగా దాచుకొను డిస్కు వేరు. డిస్కు భోషాణము వంటిది. మెమొరీ ఎదుట పరచుకొన్న చాప వంటిది. భోషాణమెంత పెద్దదైనను, చాపమీద పట్టినంత సరుకే ఒకమారు పరచి చూడవచ్చును.

ఈ చాప మొదట మిక్కిలి చిన్నది. 1948 జూన్ 21వ తేదీన ఇంగ్లండులోని మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఒక చిన్న యంత్రము, తన మెమొరీలోనే నిలుపుకొన్న ఆదేశముల ననుసరించి మొదటిసారి పనిచేసెను. దాని మెమొరీ 32 పదములు మాత్రమే. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో మనవారు నిర్మించిన టిఫ్రాక్ యంత్రము 1960లో వాడుకలోనికి వచ్చెను. దానికి 2048 పదముల మెమొరీ యుండెను. చోటు కొంచెమగుటచే ఆనాటి శాస్త్రజ్ఞులు ప్రతి పదమును పొదుపుగా వాడవలసి వచ్చెను. 1962లో మాంచెస్టరులోనే వెలసిన అట్లాస్ యంత్రమున ఒక క్రొత్త యుపాయము పన్నిరి. వెంటనే అక్కరలేని భాగమును తిరుగుడు డ్రమ్ము మీదికి పంపివేసి, కావలసినప్పుడు మరల తెచ్చుకొనుటయే ఆ యుపాయము. నేడు మన ఇండ్లలోని కంప్యూటరులును డిస్కు సాయముతో ఈ పద్ధతినే అవలంబించుచున్నవి. అయితే ఈ రాకపోకలు మితిమీరినచో యంత్రమునకు వానితోనే ప్రొద్దుపోవును. అసలు పని సాగదు.

మెమొరీకి మరియొక ఎల్ల కలదు. పూర్వపు కరణముగారి లెక్కపుస్తకమున పొలము నంబరు వ్రాయు గడిలో రెండంకెలకే చోటున్నదనుకొందము. ఊరిలో నూటయేబది పొలములున్నను, 99 దాటిన పొలము ఆ పుస్తకమున కెక్కదు. పొలముండియు దానిని పిలుచుటకు అంకె లేదు. కంప్యూటరు సంగతియు అట్టిదే. 1978లో ఇంటెల్ కంపెనీవారు చేసిన 8086 ప్రాసెసరు తావుల సంఖ్యను 20 బిట్లతో వ్రాసెను. కావున 10,48,576 బైట్లకు మించి అది పిలువజాలదు. 1981లో వెలువడిన ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరునకును ఇదియే మేర. అందు 640 కిలోబైట్లను ప్రోగ్రాములకు విడిచి, తక్కినదానిని తెర మొదలగు వానికి కేటాయించిరి. 1985లో వచ్చిన 80386 ప్రాసెసరుతో తావుల సంఖ్య 32 బిట్లకు పెరిగెను. అప్పుడు 4,29,49,67,296 బైట్లు, అనగా 4 గిగాబైట్లు, పిలువ వీలయ్యెను. ఆనాటి అవసరములకు అది తరగని నిధివలె నుండెను. ముప్పదియేండ్లు నిండకమునుపే ఆటలకు అది చాలకపోయెను.

ఇక ఆటల చరిత్రకు వత్తము. తోలుబొమ్మలాటలో రామాయణకథ నడుచుచుండగా కేతిగాడును బంగారక్కయు నడుమ దూరి నవ్వించుట మీరెరిగినదే. కథ వాల్మీకిది, చేర్పు ఆడించువారిది. కంప్యూటరు ఆటకు ఆటగాండ్రే కల్పించి చేర్చు క్రొత్త ఊళ్లకు, పాత్రలకు, ఆయుధములకు, అలంకారములకు మోడ్‌లని పేరు. 1993 డిసెంబరులో అమెరికాలో డూమ్ అను ఆట వెలువడెను. దాని పటములను మూల ప్రోగ్రామునుండి వేరుపరచి ఉంచుటచే ఆటగాండ్రు సొంత పటములు కల్పించుట సులభమయ్యెను. ఆ ప్రోగ్రామున, తెరపై ఒకమారు గీయవలసిన నేల, కప్పు మొదలగు తలములకు 128 గడుల పట్టిక ముందే కట్టబడియుండెను. నిర్మాతల పటములకు అది సరిపోయెను. ఔత్సాహికులు విశాలమైన మేడలు కట్టిరి. 129వ గడి అవసరమైనంతనే ఆట ఆగిపోయెడిది. యంత్రమున మెమొరీ మిగిలియున్నను ఆగిపోయెడిది. జమ్మలమడుగు దాపున గండికోటలోని ధాన్యాగారమును చూచినవారికి ఇది తేలికగా బోధపడును. కోటలో ఖాళీనేల ఎంతయున్నను, ఆ రాతిగోడల నడుమ పట్టినంత ధాన్యమే నిలుచును. 1997లో నిర్మాతలు ఆ యాట మూలలిపిని లోకమునకు విడుదల చేసిరి. మరుసటి యేడు ఔత్సాహికులు బూమ్ అను కూర్పున ఆ గోడను తొలగించి, పట్టిక అవసరమునుబట్టి పెరుగునట్లు చేసిరి.

2011 నవంబరు 11వ తేదీన వెలువడిన స్కైరిమ్ అను ఆట ఈ చరిత్రలో ముఖ్యమైనది. అది 32 బిట్ల ఆట. విండోస్ ఏర్పాటు ప్రకారము అట్టి ప్రోగ్రామునకు మామూలుగా 2 గిగాబైట్లే దక్కును. యంత్రమున 8 గిగాబైట్లున్నను ఆటకు తక్కినవి కానరావు. డబ్బు పోసి మెమొరీ పెంచినవారికి ఫలితము కలుగకపోవుట ఇందుచేతనే. అదే డిసెంబరులో వచ్చిన సవరణవలన 64 బిట్ల విండోస్‌పై 4 గిగాబైట్లవరకు వీలయ్యెను. పిమ్మట ఆటగాండ్రు వందలకొలది మోడ్‌లు చేర్చగా లోపలి మరియొక గోడ బయటపడెను. ఆట తన పనికై ప్రారంభముననే ప్రత్యేకించుకొన్న 256 మెగాబైట్ల గది నిండినంతనే కూలుచుండెను. 2014 ప్రాంతమున ఆ గదిని పెద్దది చేయు ఉపాయమును ఔత్సాహికులే వ్యాప్తిలోనికి తెచ్చిరి. 2016 అక్టోబరులో 64 బిట్ల క్రొత్తకూర్పు వెలువడి 4 గిగాబైట్ల ఎల్లయు తొలగెను. అయినను కూలుట పూర్తిగా ఆగలేదు. ఎల్ల జరిగినకొలది ఆటగాండ్రు బరువును పెంచిరి.

మైన్‌క్రాఫ్ట్ అను ఆట కథ వేరు. దాని జావా కూర్పునకు ఎంత మెమొరీ ఈయవలెనో ఆటగాడే నిర్ణయింపవచ్చును. జావాలో, అక్కర తీరిన వస్తువులను ఏరి చోటు ఖాళీచేయు ఏర్పాటు కలదు. ఈ ఏర్పాటును 1960 ప్రాంతమున జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు లిస్ప్ అను భాషకొరకు మొదట కల్పించెను. మోడ్‌లు పెక్కు చేర్చి మెమొరీ తక్కువ ఇచ్చినచో చోటు చాలక ఆట కూలును. అట్లని యంత్రమున నున్నదంతయు ఆటకే ధారపోసినచో, యంత్రమును నడపు విండోస్‌కే ఊపిరాడదు. ఏరివేత పని ఒక్కసారి భారమై ఆట తడవతడవకు నిలిచిపోవచ్చును. పులివెందుల రైతులకు చిత్రావతి బ్యాలెన్సింగు రిజర్వాయరు తెలిసినదే. వచ్చు నీటికిని పోవు నీటికిని పొందిక కుదుర్చుటకే అట్టి జలాశయము లేర్పడినవి. మెమొరీయును అట్టిదే. కొన్ని మోడ్‌లు తీసికొన్న చోటును మరల ఈయవు. అట్టిచో గంట గంటకు మట్టము పెరిగి, రెండు మూడు గంటలకు ఆట కూలును. మొదట బాగుగా నడిచి చాలసేపటికి కూలు ఆటలో ముందు ఈ దోషమును అనుమానింపవలెను.

నివారణోపాయములు ఈ చరిత్రనుండియే తేలుచున్నవి. మొదటిది, ఎల్ల యేదో తెలిసికొనుట. ఆట 32 బిట్లదా, 64 బిట్లదా? కూలునప్పుడు మెమొరీ నిజముగా నిండినదా? విండోస్‌లోని టాస్క్ మేనేజరు ఈ లెక్కను కన్నులయెదుట చూపును. రెండవది, మోడ్‌లను గుంపుగా పోయక ఒక్కొక్కటిగా చేర్చి, ప్రతిమారు ఆడి చూచుట. అప్పుడు చెరుపు చేసినదేదో తెలియును. మూడవది, చిత్రములను మితపరచుట. ప్రక్కకు 4096 చుక్కలు, నిలువునకు 4096 చుక్కలు గల చిత్రమును కుదింపక ఉంచినచో 64 మెగాబైట్లు పట్టును. 2048 చుక్కల చిత్రమునకు 16 చాలును. సగము కొలతకు పావు బరువు. దూరపు బండకును చెట్టునకును పెద్ద చిత్రమేల? చిత్రములను తెరకెక్కించు కార్డునకు తన మెమొరీ వేరుగా నున్నచో దాని లెక్కయు చూడవలెను. నాల్గవది, డిస్కుపై విండోస్ ఉంచుకొను పేజింగ్ ఫైలును తీసివేయకుండుట. అది అట్లాస్ యంత్రపు డ్రమ్ము వంటిది. ఐదవది, ఆటతోపాటు బ్రౌజరు మొదలగు తక్కిన ప్రోగ్రాములను మూయుట, చాలసేపు ఆడినపిమ్మట ఆటను ఆపి మరల ప్రారంభించుట. ఆరవది, ఆడిన ఆటకు నకలు దాచుకొనుట.

ఒక హెచ్చరిక. కూలిన ప్రతి ఆటయు మెమొరీ లోపముచేతనే కూలదు. ఒక మోడ్‌నకు ఆధారమైన మరియొక మోడ్ లేకపోయినను, రెండు మోడ్‌లు ఒకే వస్తువును రెండు విధముల మార్చినను, వాని వరుస తప్పినను ఆట పడిపోవును. అట్టిచో ఎంత మెమొరీ కొన్నను ప్రయోజనము లేదు. ఆట వ్రాసియుంచు లాగ్ ఫైలును చదివి కారణము వెదకవలెను. మెమొరీ నిజముగా చాలదని లెక్కలో తేలినచో కొనుట తప్పు కాదు. అంతకు ముందు ఆ యంత్రమునకు మెమొరీ పెంచు వీలున్నదా యని విచారింపవలెను. కొన్ని ల్యాప్‌టాపులకు ఆ వీలు లేదు.

కావున మనుమడు వచ్చి అడిగినప్పుడు కోపింపనక్కరలేదు, వెంటనే రొక్కమును తీయనక్కరలేదు. "ఎప్పుడు కూలుచున్నది? అంతకు ముందు ఏమి చేర్చితివి? లెక్క చూచితివా?" అని మూడు ప్రశ్నలు వేయుడు. వాటికి బదులు వెదకు పిల్లవాడు ఆటను బాగుచేసికొనుటయే కాక, ఒక విద్యలో అడుగు పెట్టినవాడగును. పులివెందుల ఇంజనీరింగు కళాశాలలోను, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోను కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థులు మెమొరీ నిర్వహణమను పేర అభ్యసించునది ఈ విషయమునే. ప్రొద్దుటూరు అవధానుల ధారణను కన్నులార చూచిన పెద్దలు, నిలుపవలసినదానిని నిలిపి, విడువవలసినదానిని విడుచుట ఎట్టిదో పిల్లలకు చెప్పగలవారు. యంత్రపు మాటలు పిల్లలు నేర్చుకొందురు. ఆ వివేకము మాత్రము మీరే వారికి అందింపవలెను.