తెర మీది బొమ్మ, తెర వెనుకటి గొంతు

బొమ్మను చూపి కథ చెప్పడం మనకు సినిమా నేర్పిన విద్య కాదు. తెలుగునాట తోలుబొమ్మలాట ఆడేవారు దీపపు వెలుగులో బొమ్మను తెరకు ఆనించి, తెర వెనుక నుంచి దానికి మాటా పాటా ఇచ్చేవారు. తెలంగాణంలోని చేర్యాల చిత్రకారులు నిడుపాటి బట్ట మీద వరుసగా బొమ్మలు వ్రాసి ఇవ్వగా, కథకులు ఆ పటాన్ని ఊరూరా విప్పి, ఒక్కొక్క బొమ్మనే చూపుతూ కులపురాణాలు చెప్పేవారు. బొమ్మ ఒక్కటే అయితే అది కంటికి విందు. మాట తోడైనప్పుడే అది కథ అయినది.

అయితే మన కథకుడు ఏనాడూ ఒంటరిగా మాట్లాడలేదు. కథ వినేవాడు ఊ కొట్టవలెను. ఊ కొట్టకపోతే చెప్పేవాడు ఆగిపోతాడు. బుర్రకథలో ప్రక్కనున్న వంత కథకుణ్ణి ఆపి, "అది ఎట్లా జరిగింది?" అని అడుగుతాడు, ఒక్కొక్కప్పుడు ఎగతాళి కూడా చేస్తాడు. కథకుడు దానికి సమాధానం చెప్పి మరీ ముందుకు సాగవలెను. చెప్పే గొంతును అడిగే గొంతు అదుపులో పెట్టడం మన సంప్రదాయం. డాక్యుమెంటరీ చిత్రంలో వినవచ్చే వ్యాఖ్యాన చరిత్రను తెలుసుకొనేటప్పుడు ఈ సంగతి మనస్సులో ఉంచుకోవడం అవసరం. ఏమంటే, ఆ గొంతుకు ఊ కొట్టేవారు లేరు. దానిని ఆపి అడిగేవారూ లేరు.

మూగచిత్రాల కాలంలో మాత్రం ఆ గొంతు ఇంకా మనిషిదే. తెర మీద వచ్చే అక్షరాలను చదువలేనివారి కోసం తెర ప్రక్కన ఒకడు నిలిచి, చదివి వినిపించి, తనకు తోచిన నాలుగు మాటలు కలిపి చెప్పేవాడు. అంతకుముందే బొమ్మకు యంత్రం చేత గొంతు ఇప్పించే ప్రయత్నాలు కూడా జరిగినవి. మన రఘుపతి వెంకయ్యగారు 1910 ప్రాంతాన క్రోనోమెగాఫోను అనే యంత్రాన్ని తెప్పించినారు. ఒకవైపు చిన్న చిన్న చిత్రాలు తెర మీద ఆడుతూ ఉండగా, మరొకవైపు గ్రామఫోను పలక నుంచి శబ్దం వచ్చేది. ఆ యంత్రంతో ఆయన గుడారాలలో ప్రదర్శనలు ఇస్తూ మద్రాసు మొదలుకొని బర్మా, సింహళాల వరకు వెళ్ళినారు.

ఉన్న లోకాన్ని ఉన్నట్టు చూపే చిత్రానికి డాక్యుమెంటరీ అనే పేరును వాడుకలోకి తెచ్చినవాడు జాన్ గ్రియర్సన్. 1926లో ఒక చిత్రాన్ని సమీక్షిస్తూ ఆయన ఆ మాట వాడినాడు. అప్పటికి చిత్రాలు మూగవే. కొద్ది సంవత్సరాలకే ఫిల్ము మీద శబ్దం ఎక్కించడం సాధ్యమైనది. కానీ బరువైన ధ్వనియంత్రాలను పొలాలకూ గనులకూ మోసుకొని పోవడం కష్టం. అందుచేత బొమ్మను బయట తీసి, మాటను గదిలో చేర్చినారు. ఈనాడు మనం వ్యాఖ్యానశైలి అని గౌరవంగా పిలిచే దానికి మూలం చాలావరకు ఈ ఇబ్బందే.

మన ప్రాంతానికి సంబంధించిన ఘనమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. తమిళ పత్రికా రచయిత ఏ. కె. చెట్టియార్ గాంధీజీ జీవితాన్ని గురించి పూర్తి నిడివి చిత్రం తీయ సంకల్పించి, 1937 మొదలుకొని దేశదేశాలు తిరిగినాడు. ఎవరెవరో కెమెరామెన్ ఏయే సందర్భాలలోనో తీసిన తునకలను కూడబెట్టినాడు. అట్లా చేరిన ఫిల్ము సుమారు 50,000 అడుగులు. దానిని 12,000 అడుగులకు కుదించి, 1940లో తమిళ వ్యాఖ్యానంతో విడుదల చేసినాడు. తరువాత తెలుగు వ్యాఖ్యానంతో కూడా ఆ చిత్రం వచ్చినది. స్వాతంత్ర్యం వచ్చిన పిదప హిందీ ప్రతి, 1953లో అమెరికాలో ఇంగ్లీషు ప్రతి వెలువడినవి.

ఇక్కడ ఒక విశేషం గమనించవలెను. ఆ తునకలను తీసిన చేతులు అనేకం, కాలాలు అనేకం. వాటిని ఒక జీవితకథగా కుట్టిన దారం వ్యాఖ్యానమే. ఆ దారాన్ని తెలుగులో పేనినప్పుడు, పరదేశపు కెమెరా పట్టిన బొమ్మ కూడా మన ఇంటి బొమ్మ అయినది. ఫిల్ము తీయడానికి కావలసిన ధనం గాని యంత్రాలు గాని లేని భాషకు, లోకాన్ని తన మాటలలో చూచుకొనే హక్కును వ్యాఖ్యానం ఇచ్చినది. ఆ మేలును తక్కువ చేయరాదు.

అదే గొంతు ప్రభుత్వం చేతికి వచ్చినప్పుడు మరొక రూపం ధరించినది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో, 1943లో, ఆనాటి ప్రభుత్వం యుద్ధప్రచారానికి ఇన్ఫర్మేషన్ ఫిల్మ్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థను నెలకొల్పి, దాని చిత్రాలను సినిమాహాళ్ళవారు తప్పక ప్రదర్శించవలెనని శాసించినది. యుద్ధం ముగిసినాక 1946లో ఆ సంస్థ మూతపడినది. స్వతంత్ర భారతంలో 1948లో ఫిల్మ్స్ డివిజన్ ఏర్పడినది. తొలినాళ్ళ నుంచీ దాని చిత్రాలకు ఇంగ్లీషు, హిందీ, బెంగాలీ, తమిళాలతోపాటు తెలుగు వ్యాఖ్యానం ఉండేది. తరువాత మరికొన్ని భాషలు చేరినవి. అసలు సినిమాకు ముందు హాలులో వార్తాచిత్రమో డాక్యుమెంటరీయో చూపడం దశాబ్దాల పాటు ఆనవాయితీగా నడిచినది. హాలు లేని ఊళ్ళకు ప్రచారశాఖ బండ్లు చిన్న ప్రొజెక్టరుతో వెళ్ళి, ఆరుబయట తెర కట్టి చూపేవి. 2022లో ఫిల్మ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. కానీ ఆ గంభీరమైన గొంతు ఒక తరం చెవులలో ఇంకా మిగిలి ఉన్నది.

ఆ గొంతు తెలుగులోకి వచ్చిన పద్ధతి ఎట్టిది? చిత్రం పూర్తి అయ్యేనాటికి వ్యాఖ్యానం సాధారణంగా ఇంగ్లీషులో సిద్ధంగా ఉండేది. దానిని ఇతర భాషలలోకి మార్చి, బొమ్మకు సరిపోయేటట్టు చదివించేవారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది. 1,000 అడుగుల రీలు 11 నిమిషాలలో అయిపోతుంది. ఈ నిడివి ఏ భాషకైనా ఒక్కటే. అయితే భాషలు ఒక్కటి కావు. ఇంగ్లీషు వాక్యంలో క్రియ ముందే వస్తుంది; తెలుగు వాక్యంలో కడపట వస్తుంది. "తుంగభద్ర ఆనకట్ట వద్ద బయలుదేరి, రాళ్ళసీమల మీదుగా మైళ్ళకొలది ప్రవహించిన కాలువనీరు చివరకు రైతు పొలాన్ని చేరుకొన్నది" అని ఒక వాక్యం వ్రాసినామనుకొందాము. ఆ "చేరుకొన్నది" అనేసరికి తెర మీద పొలం పోయి పాఠశాల వచ్చి ఉంటుంది. చదివేవాడు బొమ్మను అందుకోవడానికి పరుగెత్తవలెను. తెలుగు వ్యాఖ్యానం ఊపిరి సలపకుండా వినిపించడానికి ముఖ్యకారణం చదివేవాని లోపం కాదు. మరొక భాష కొలతకు కుట్టిన చొక్కాను తొడుగుకోవడమే. "నీరు వచ్చినది. ఆనకట్ట నుంచి పొలానికి." అని విరిచి చెప్పే నేర్పు తెలుగుకు సహజంగానే ఉన్నది. కానీ ఆ నేర్పు అనువాదంలో పుట్టదు. బొమ్మను ఎదుట పెట్టుకొని తెలుగులోనే వ్రాసినప్పుడు పుడుతుంది.

కొలత తరువాత మాట. తుంగభద్రకు చేరువలో, కర్నూలు జిల్లా పడమటి భాగాన సి.బెళగల్ ఉన్నది. ఊరి పేరులోనే కన్నడపు జాడ వినిపిస్తుంది. అటు ఆదోని, ఇటు ఎమ్మిగనూరు. ఈ సీమలో తెలుగుకు కన్నడమూ ఉరుదూ ఇరుగుపొరుగు. నది ప్రక్కనే పారుతున్నా వాన ముఖం చాటు చేస్తే చేను ఎండే నేల ఇది. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయి, దిగువ కాలువ ఈ వైపునకు నీరు తెచ్చినది. అయినా నీరందని పొలాలు మిగిలే ఉన్నవి. పని దొరకని కాలంలో ఈ పడమటి పల్లెలవారు కుటుంబాలతో సహా దూరదేశాలకు కూలికి పోతారు. దానిని ఈ ప్రాంతంలో "సుగ్గికి పోవడం" అంటారు. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. బయటి వ్యాఖ్యాత ఈ దృశ్యాన్ని చూచి "వలస" అంటాడు. ఆ మాట తప్పు కాదు. కానీ అది లెక్కలు వ్రాసేవారి మాట. సుగ్గి అనే మాటలో, తన ఊళ్ళో పంట లేక పరుల ఊరి పంటకోతకు పోయే మనిషి బాధ ఉన్నది, ఆశ కూడా ఉన్నది. బొమ్మ రెండు చోట్లా ఒక్కటే: నెత్తిన మూట, చంకన బిడ్డ, తాళం వేసిన ఇల్లు. మాట మారితే ఆ మనిషి మారిపోతాడు. మొదటి మాటకు అతడు ఒక సమస్య. రెండవ మాటకు ఒక రైతు.

ఈ చిక్కును ఇతర దేశాలవారు కూడా ఎదుర్కొన్నారు. 1934లో బేసిల్ రైట్ సింహళాన్ని గురించి తీసిన చిత్రంలో ఆనాటి వ్యాఖ్యాన ధోరణిని వదలి, రాబర్ట్ నాక్స్ 1681లో ప్రకటించిన పుస్తకంలోని మాటలను సింహళీయుడైన లయొనెల్ వెండ్ట్ గొంతుతో చదివించినాడు. పాతమాటకూ కొత్తబొమ్మకూ నడుమ ఉన్న ఎడమే అక్కడ అర్థం చెప్పినది. 1936లో తపాలా రైలును గురించి వచ్చిన "నైట్ మెయిల్" చిత్రానికి కవి ఆడెన్ రైలు నడకకు తగిన లయలో పద్యం వ్రాసినాడు. ఈ రెంటికంటె సాహసమైనది 1935 నాటి "హౌసింగ్ ప్రాబ్లమ్స్". లండను మురికివాడల కాపురస్థులే కెమెరా ఎదుట నిలిచి తమ ఇళ్ళలోని ఎలుకలను గురించీ, చెమ్మను గురించీ తామే చెప్పుకొన్నారు. వ్యాఖ్యాత గొంతు అందులోనూ ఉన్నది. కానీ వారు మాట్లాడేటప్పుడు అది మౌనం వహించినది.

మన దేశంలో ఆ మార్పు 1967లో స్పష్టంగా కనిపించినది. సుఖదేవ్ తీసిన "ఇండియా 67" వ్యాఖ్యానమే లేక, బొమ్మతోనూ ధ్వనితోనూ దేశాన్ని చూపినది. ఎస్. ఎన్. ఎస్. శాస్త్రి తన "ఐ యామ్ 20"లో స్వాతంత్ర్యం వచ్చిన ఏట పుట్టిన యువతీయువకులను పలుకరించి, వారి ఆశలనూ నిష్ఠురాలనూ వారి నోటనే వినిపించినాడు. కె. ఎస్. చారి, టి. ఏ. అబ్రహాములు "ఫేస్ టు ఫేస్"లో ప్రజాస్వామ్యాన్ని గురించి సామాన్యులను అడిగినారు. ఇవన్నీ ప్రభుత్వ సంస్థ అయిన ఫిల్మ్స్ డివిజన్ నుంచే వెలువడడం విశేషం. పౌరుడు ఊ కొట్టడం మాని తిరిగి ప్రశ్నించడం తెర మీద మొదలైనది.

తెలుగునేల మీద ఆ దారి చాలా దూరం సాగినది. జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ చెంత దళిత స్త్రీలు కెమెరా నేర్చుకొన్నారు. వారిలో అక్షరం రానివారు కూడా ఉన్నారు. 2001లో వారికంటూ ఒక సముదాయ మాధ్యమ సంస్థ ఏర్పడినది. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి లభించగా, వరంగల్లు రైతులకు ఆ పంటతో కలిగిన అనుభవాన్ని వారు చిత్రించినారు. 2003లో ఆ చిత్రం వెలువడినది. అక్కడ అడిగిన గొంతు పొలం పని ఎరిగిన గొంతు. చెప్పిన గొంతూ అదే. 2008లో మాచునూరులో వారు రేడియో కేంద్రం కూడా ప్రారంభించినారు. పత్తి పండించే ఆదోని సీమవారికి ఈ చరిత్ర పరాయిది కారాదు.

అంతమాత్రాన వ్యాఖ్యానం అక్కరలేదని తీర్మానించడం తొందరపాటు. రైతు తన పొలంలోని నష్టాన్ని చెప్పగలడు. ఆ విత్తనం ఏ చట్టం కింద వచ్చినదో, పది జిల్లాలలో ఏమి జరిగినదో మరొకరు చెప్పవలెను. చెట్టియార్ కూడబెట్టిన తునకల వంటి వాటికి దారం లేకపోతే అవి తునకలుగానే మిగులుతవి. కావలసినది వ్యాఖ్యానానికి ఒక హద్దు. రేడియో వినేవారికి ఈ హద్దు సులభంగానే బోధపడుతుంది. రేడియోలో మాట్లాడేవాడు శ్రోత కంటికి కనిపించని సమస్తమూ మాటతో కట్టవలెను: వాన, వాకిలి, మనిషి ముఖం. తెర మీద అవి ఉండనే ఉన్నవి. అక్కడ వ్యాఖ్యాత చెప్పవలసినది బొమ్మలో లేనిది మాత్రమే: నిరుటి ధర, మనిషి పేరు, కాలువ ఆగిన చోటు, దానికి కారణం. కనిపించేదానినే మరల చెప్పే గొంతు కంటిని కట్టివేస్తుంది. కనిపించేదానికి విరుద్ధంగా చెప్పే గొంతు నమ్మకాన్ని పోగొట్టుకొంటుంది.

మన కథకులకు ఈ మర్మం తెలియనిది కాదు. పటం మీద బొమ్మను చూపి వారు కొంచెంసేపు ఆగేవారు. ఆ ఆగిన చోటనే సభ ఊ కొట్టేది. ఒక్కొక్కరు అడ్డుప్రశ్న కూడా వేసేవారు. తెర వెనుకటి గొంతుకు మనం ఎదురు చెప్పలేము కనుక, ఆ ఎడం ఇవ్వడం దాని ధర్మం. సి.బెళగల్ చేను తెర మీదకు వచ్చిన నాడు వ్యాఖ్యాత ఒక్క క్షణం మౌనంగా ఉంటే, ఆ చేనివారు ఏమంటారో మనకు వినిపిస్తుంది.